తీతువు గుడ్లు పెట్టిన బీడు

అమీర్‌పేట, నవాబు మామిడితోట
ఉగాది పోయి నెల దగ్గరికొచ్చింది

బుచ్చయ్య బావకు రాజనర్సయ్య రాసేది.

నేను బాగనే ఉన్న. నువ్వు సుత బాగనే ఉంటవు. నా మనుమరాలిని నీ ఇంట్ల పెట్టుకొని కూసున్నంక నీకేం తక్కువ? నాలుగు రోజులల్ల పంపుత అని చెప్పి రైలెక్కించుకొని పోయినవు. కాయ పండుబారుతున్నది, పిల్ల ఇంకా రాలే.

ఖైరతాబాద్ డాకుఖానా ముంగట ఉత్తరాలు రాసిపెట్టెటోడు ఉన్నడు. వాని కాడికి నేను పోను. నేను తిట్టమంటె వాడు దండాలు పెట్టి రాస్తడు. భజనల కూసొని నేర్చిన అక్షరాలు నాకు చాలు. వంకరగ ఉంటె నువ్వే తల వంచి చదువుకో.

పిల్ల అలిగి వచ్చిందని కాజీపేట స్టేషన్ల అందరికి చెప్తున్నవట. మీ గార్డు హనుమాండ్లు బేగంపేటల దిగినప్పుడు చెప్పిండు. ఎందుకు అలిగిందో సుత చెప్పు. నేనే రాసి ఇస్త, చదివి వినిపించు. రాజనర్సయ్య తీతువు గుడ్లు పగలగొట్టిండు. అవును, కొట్టిన. మల్ల పెడితె మల్ల కొడత.

మా ఇంటికి పంజాగుట్ట బాటకు నడుమ రాళ్ల బీడు నువ్వు చూసినవు. గా బీడుల, గూడు లేదు గీడు లేదు, ఉత్త నేల మీద గులకరాళ్ల నడుమ పెట్టింది. రాయేదో గుడ్డేదో మనిషికి తెల్వది. చిలకమ్మకు తెలుసు. అన్నం తినుడు మాని గా ఎండల కూసొని చూసేది. పిట్ట చెరువుకు పోయి పొట్ట తడుపుకొని వచ్చి, గుడ్ల మీద కూసొని వాటిని సల్లబరుస్తదట. గిదా పదేండ్ల ఆడపిల్ల చేసే పని?

గప్పుడే మీ అక్క వజ్రమ్మకు జరమొచ్చింది. జరమొచ్చిన నాటి నుంచి గా పిట్ట ఇంటి మీద తిరుగుకుంట ఒకటే ఒర్రుడు. తీతువు ఒర్రితె ఏమైతదో నీకు తెల్వదా? నా కొడుకు మొగిలయ్యకు, నీ బిడ్డ రాజమ్మకు గత్తర తగిలినప్పుడు ఒర్రలేదా? ఇద్దరిని తీసుకపోయి గీ పిల్లనొక్కదాన్ని మన నడుమ పడేసి పోలేదా? మల్ల నా ఇంటి మీదికొస్తె చేతులు కట్టుకొని కూసుంటనా? కర్ర తీసుకొని పోయిన. పిల్ల అడ్డమొచ్చింది. "అది బాపమ్మ కోసం ఒర్రుతలేదు తాతా, గుడ్లు తొక్కుతరని ఒర్రుతున్నది" అన్నది. నోర్ముయ్ అని పక్కకు నూకిన. నాలుగు గుడ్లు. టప్పుమని పగిలినయి. గప్పటి నుంచి నాతోని మాట లేదు. నువ్వొచ్చినవు, నీ ఎన్క పోయింది.

ఇప్పుడు మీ అక్కకు జరం తగ్గింది. రాయి లెక్కున్నది. చిలకలు తోట మీద పడ్డయి. మంచె మీద కూసొని డబ్బా కొట్టెటందుకు మనిషి లేదు. అదున్నా పెద్దగ ఒరిగేది లేదనుకో. దానికి చిలకమ్మ అని పేరు పెట్టింది నువ్వే. చిలకను కొట్టవే అంటె వడిసెల ఒళ్లె పెట్టుకొని, అది కాయను ఏ కాలుతోటి పట్టుకుంటదో చూస్తది. ఎడమ కాలట. అయినా పంపు.

రాజనర్సయ్య

*

కాజీపేట జంక్షన్, రైల్వే క్వార్టర్లు
2 మే 1938

పూజ్యులైన బావగారికి బుచ్చయ్య నమస్కరించి రాయునది.

మీ ఉత్తరం తల వంచే చదివాను. వజ్రమ్మ అక్కకు జ్వరం తగ్గినందుకు సంతోషం. నేను వచ్చిన రోజు కూడా ఆమె మంచంలో లేచి కూర్చుని, "నాకేం కాలే తమ్మీ, పిల్లను కొన్నాళ్లు తీసుకపో, ఇంట్ల ఇద్దరు మూతులు ముడుచుకొని కూసుంటే నేను చూడలేను" అన్నది. అందుకే తీసుకొచ్చాను. దొంగతనంగా కాదు.

చిలకమ్మ ఇక్కడ బాగా తింటున్నది. వడ్డేపల్లి చెరువు కట్ట మీద పొద్దున్నే ఉంటుంది. నామాలకోడి నీళ్ల మీద పరుగెత్తితే అడుగులు ఎట్లా పడతాయో సుద్దతో పార్సిల్ ఆఫీసు గోడ మీద గీసింది. గోడ అయితే సర్లే అనుకున్నాను. మొన్న ఒక సేఠ్‌గారి పెట్టె మీద పైనుంచి కింద దాకా కొంగ కాళ్లు గీసి పెట్టింది. నా ఉద్యోగం మీదికి వచ్చింది. సేఠ్ మంచివాడు, నవ్వి ఊరుకున్నాడు.

మీతో ఒక మాట చెప్పాలి. కోపగించుకోవద్దు. ఇక్కడి రైల్వే బడిలో పంతులమ్మ యేసుమణి గారు పిల్లను చూశారు. "ఈ పిల్ల చూసినదాన్ని చూసినట్టు చెబుతుంది, వినికిడి మాట కలపదు, దీన్ని బడిలో వేయండి" అన్నారు. జూన్‌లో బడి తెరుస్తారు. ఉండనివ్వండి బావగారూ. మీ తోటకు కూలి మనిషిని పెట్టుకోవచ్చు.

ఇంకొకటి. ఆ గుడ్ల సంగతి పిల్ల ఇంకా మరిచిపోలేదు. మీ పేరు ఎత్తితే లేచి వెళ్లిపోతుంది. పెద్దవారు, మీరే ఒక మంచి మాట రాస్తే బాగుంటుంది.

అక్క ఆరోగ్యం వివరంగా రాయగలరు.

బుచ్చయ్య

*

అమీర్‌పేట, తోట

బుచ్చయ్య బావా,

మంచి మాట నేను రాయాల్నా? పదేండ్ల పోరికి? నా తండ్రి నన్ను మోట తాడుతోని కొడితె ఆయన నాకు మంచి మాట రాసిండా? పార్సిల్ మూటలు లెక్కబెట్టుకుంట బతికెటోనివి, నాకు బుద్ధి చెప్తవా? నేను గీ తోటల నలుగురు నవాబు కొడుకుల ముంగట తల వంచకుంట బతికిన.

బడి గిడి బంద్. పంతులమ్మట! ఆమె కిరస్తానపామె, నా పిల్లను ప్రార్థనలల్ల కూసోబెడ్తది. చూసినదాన్ని చూసినట్టు చెప్తదని చదువు చెప్పిస్తరా? చూసినదాన్ని చూసినట్టు చెప్తె ఆడపిల్లకు సంసారమెట్ల ఐతది? నువ్వు జర ఆలోచన చెయ్యి.

కూలి మనిషిని పెట్టుకోమన్నవు. పెట్టిన. ఊళ్లె పోచయ్య కొడుకు, మంచె ఎక్కి పండుకుంటడు. చిలకలు వాని నెత్తి మీదనే కాయలు కొరికి పడేస్తున్నయి. నవాబు మున్షీ వచ్చి, "ఏం రాజనర్సయ్యా, ముసలోనివైనవు, చిలకలకు సుత నీ భయం లేదు" అని నవ్విండు. నేను ఏమన్ననో నీకు రాయను. నీ బడి పంతులమ్మ చదివితె బాగుండదు.

ఇంకో ముచ్చట. దానికి చెప్పు, దాని పిట్ట మల్ల వచ్చింది. గదే బీడు. మల్ల నాలుగు పెట్టింది. దానికి సిగ్గు లేదు. నేను ముట్టలే. మీ అక్క నాతోని ఒట్టు పెట్టించుకున్నది, లేకుంటె ఈపాటికి ఎత్తి పారేద్దును. ఏం ఒర్రుడు బావా అది! పొద్దు పొడుసుడుతోని మొదలు పెడ్తది. దీపాలు ముట్టించే యాల్లదాక ఒర్రుతనే ఉంటది. ఒకసారి పంజాగుట్ట దిక్కుకెళ్లి, ఒకసారి ఊరి దిక్కుకెళ్లి. మధ్యాహ్నం సుత ఊకోదు. మొదటి గుడ్లప్పుడు సుత గింత ఒర్రలే. పిట్టల మీద అంత ప్రేమున్నది గద, వచ్చి దాని నోరు మూపించుమను.

మీ అక్క ఆరోగ్యం అడిగినవు. చెప్పిన గద, మంచిగున్నది. మల్ల మల్ల అడగకు.

పిల్లను పంపకుంటె నేనే వచ్చి గుంజుకొస్త. నన్ను ప్లాట్‌ఫారం మీద లొల్లి చేయనీయకు.

రాజనర్సయ్య

*

కాజీపేట జంక్షన్
19 మే 1938

రాజనర్సయ్య బావా,

ఇన్నేండ్లు నిన్ను మీరు అని రాసిన. ఇయ్యాల చెయ్యి వస్తలేదు.

నీ ఉత్తరం చిలకమ్మకు చదివి వినిపించిన. నీ పేరు వింటే లేచిపోయే పిల్ల ఈసారి లేవలే. పిట్ట వచ్చిందన్న కాడ ఆపమన్నది. మల్ల చదవమన్నది. మూడోసారి కూడా చదివించుకొని, చేతిల సుద్ద కింద పెట్టింది. ఏమైందే అంటే అది అన్న మాటలు, ఒక్కటి కలపకుండా, నీకు రాస్తున్న:

"తాత తప్పు రాసిండు. అది ఊకెనే ఒర్రది. మనిషి గానీ కుక్క గానీ గుడ్ల దగ్గరికి పోతెనే లేచి ఒర్రుతది. దూరం పోతె మల్ల వచ్చి కూసుంటది. పొద్దంత ఒర్రుతున్నదంటె పొద్దంత ఎవరో ఒకరు బీడు మీదికెళ్లి పోతున్నరు. పంజాగుట్ట దిక్కుకెళ్లి సుత వస్తున్నరు, ఊరి దిక్కుకెళ్లి సుత వస్తున్నరు. గా బీడు దాటితె మన ఇల్లు తప్ప ఇంకేం లేదు. మన ఇంటికి గంతమంది ఎందుకు వస్తున్నరు? బాపమ్మకు జరమొచ్చినప్పుడు సుత గిట్లనే వచ్చిన్రు, గిట్లనే ఒర్రింది. ఇప్పుడు గప్పటికంటె ఎక్కువ ఒర్రుతున్నదట. బాపమ్మకు ఏమైంది?"

గది పిల్ల అడిగింది. నేను అడిగేది వేరే ఉన్నది. నాకు అబద్ధం ఎందుకు రాసినవు? రాయి లెక్కున్నదని రాసినవు. మల్ల మల్ల అడగకు అని రాసినవు. ఆమె నాకు తోడబుట్టకున్నా అక్క. నా బిడ్డ పోయిన నాడు నా ఇల్లాలికి అన్నం తినిపించింది ఆమె. నీ మామిడికాయల ముచ్చట, నీ మున్షీ ముచ్చట నాకెందుకు రాసినవు? పిల్లను రప్పించుకోవాలంటే ఒక్క నిజం చాలు. గది రాసేటందుకు నీ చెయ్యి పడిపోయిందా?

వెంటనే జవాబు రాయి. ఈసారి అబద్ధం రాస్తే పిల్ల కనిపెడుతది, గుర్తుంచుకో.

బుచ్చయ్య

*

అమీర్‌పేట

బుచ్చయ్యా,

లేవది. మంచం మీదనే అన్నీ. ఖైరతాబాద్ కాంచి హకీం వచ్చిండు, దవాఖానా డాక్టర్ సుత వచ్చి చూసిండు. ఇద్దరు సంచులు సర్దుకొని పోయిన్రు. అమీర్‌పేట సగం, పంజాగుట్ట సగం వచ్చి చూసి పోతున్నది. అందరు బీడు మీదికెళ్లే, అడ్డదారి గద.

ఎందుకు రాయలేదంటవు. గుడ్లు పగలగొట్టింది నేను. పిట్ట మాట అబద్ధం చేస్త అని కొట్టిన. ఆమె పోతున్నదని నీకు రాస్తె, పిట్ట చెప్పింది నిజమని నేనే సంతకం పెట్టినట్టు. పెట్టను అనుకున్న.

పిట్ట ఒర్రినప్పుడల్ల ఆమె, "పిలుస్తున్నది, పోత" అంటది. గంజి నోట్లె పోస్తె పక్కకు ఉమ్ముతది. పోయెటోళ్లకు గంజి ఎందుకయ్యా అంటది. నేను అరిస్తె కండ్లు మూసుకుంటది.

పిల్లను పంపు. మామిడికాయలకు గాదు.

రాజనర్సయ్య

*

కాజీపేట జంక్షన్
24 మే 1938

బావా,

రేపటి పాసింజర్‌కు చిలకమ్మను ఎక్కిస్తున్న. గార్డు హనుమాండ్లు తన డబ్బాలనే కూసోబెట్టుకొని తెస్తడు. బేగంపేటల దింపుకో. నేను వస్తనంటే మా పెద్ద గుమాస్తా సెలవు ఇయ్యలే. "వియ్యపురాలికి జ్వరం వస్తే సెలవు అడుగుతారటయ్యా" అని నలుగురిలో అన్నడు. నెల తిరిగేసరికి ఎట్లనన్న చేసి వస్త.

పిల్లను ఒక్క మాట అనకు. గుడ్ల ముచ్చట ఎత్తకు. నీతోని మాట్లాడకుంటే మాట్లాడకపోనీ. అక్క దగ్గర కూసోనీ.

ఆమెకు నా దండం చెప్పు. నీకు చెప్తలేను.

బుచ్చయ్య

*

అమీర్‌పేట, తోట

బుచ్చయ్య బావా,

డాకుఖానల తార్ కొట్టుమని పోచయ్య అన్నడు. తార్ల నాలుగు మాటలే పడ్తయట. నాకు చాలయి. ఉత్తరమే రాస్తున్న. నీ అక్క పోయింది. శుక్రవారం, పగటిపూట.

పిల్ల వచ్చింది మొదలు చెప్తె గాని నీకు అర్థం గాదు.

రైలు దిగి నా మొఖం చూడలే. ఇంటికొచ్చి బాపమ్మ కాళ్లు ముట్టి, బయటికొచ్చి, పోచయ్య కొడుకును గొడ్డలి అడిగింది. నన్ను అడగలే. తుమ్మకంప కొట్టి గుంజుకొచ్చి బీడుకు రెండు దిక్కుల దారికి అడ్డమేసింది. నాయింత ముండ్లు. ఎవలొచ్చినా చెరువు గట్టు మీదికెళ్లి చుట్టు తిరిగి రావాల్సిందే. మంది ఊకుంటరా? "సచ్చెటామెను చూడనీక ముండ్లు కొట్టిన్రు, గిదేం మర్యాద" అని చింతచెట్టు కింద నిలబడి తిట్టిన్రు. పోచయ్య దుంకపోయి ధోతి చింపుకున్నడు. చినిగిన ధోతితోనే వచ్చి పరామర్శ చేసిండు. నాకు కోపమొచ్చి కంప తీసి పారేద్దామని పోయిన. సగం దూరం పోయినంక ఏదో కొరత అనిపించింది. నిలబడ్డ. ఒర్రుడు లేదు బావా. గిన్ని రోజుల సంది చెవులల్ల మేకు కొట్టినట్టుండె. బంద్ అయింది. కంప ముట్టకుంట ఎన్కకొచ్చిన.

లోపల పిల్ల చెప్తున్నది. పిట్ట నిన్ను పిలుస్తలేదు బాపమ్మా, నిన్ను చూడొచ్చెటోళ్లను తిడుతున్నది, ఇప్పుడు వాళ్లు చుట్టు తిరిగి వస్తున్నరు, అది సల్లగ కూసున్నది అని. పొట్ట తడుపుకొచ్చే ముచ్చట సుత చెప్పింది. మీ అక్క నవ్వింది. నిజంగ నవ్వింది, నేను తలుపు కాడ విన్న. "నాకు సుత గట్ల తడుపుకొచ్చి పెట్టవే, ఒళ్లు కాలుతున్నది" అన్నది. పిల్ల తడిగుడ్డ పెట్టింది. గంజి తాగింది. నేను పోస్తె ఉమ్మిన గంజి.

నాకు మండింది. దాచను. నేను గింత కాలం చెయ్యి పట్టుకొని, తాగవే తాగవే అని మొత్తుకుంటె తాగలే. పిల్ల నాలుగు పిట్ట మాటలు చెప్తె తాగింది. నలభై ఏండ్ల సంసారం నాది.

గట్ల కొన్ని రోజులు నడిచింది. గంజి తాగుడు, పండుకొనుడు, పిల్లతోని ముచ్చట. లేస్తదేమో అనుకున్న. పిట్ట ఒర్రుతలేదు గద, ఇంకేం ఫికర్ అనుకున్న. చూసినవా? గుడ్లు పగలగొట్టిన నాడు నమ్మిందే, మల్ల నమ్మిన, తిరగేసి నమ్మిన.

శుక్రవారం చిలకలు మస్తు పడ్డయి. ఎట్లాగు ఆమె నిమ్మలంగ పండుకున్నది గద అని, తోటల మామిడిచెట్టు కింద డబ్బా కొట్టుకుంట నిలబడ్డ. పిల్ల నీళ్లు తేనీకి బావికి పోయింది. గప్పుడే పోయింది ఆమె. ఒక్కతే. పిట్ట ఒర్రలే. ఎవలూ చెప్పలే. నేను ఇంట్లకొచ్చి, ఏమే, పండు తెచ్చిన, వాసన చూడు అన్న. సల్లబడి ఉన్నది.

బావా, నేనేం చేసిన్నో రాస్త. ఒక రాయి తీసుకొని బీడుకు పోయిన. కంప దాటిన, కాళ్లు గీసుకపోయినయి. దొంగముండా, మొగిలయ్యప్పుడు ఒర్రినవు, రాజమ్మప్పుడు ఒర్రినవు, నెల సంది నా ఇంటి మీద పడి ఒర్రినవు, ఇయ్యాల నోరు పడిపోయిందానే, ఒక్కసారి ఒర్రితె నేను ఉరికొద్దును గద, ఆమె చెయ్యి పట్టుకుందును గద అని తిట్టిన. అది లేచింది. గప్పుడు ఒర్రింది, నా నెత్తి మీదికే వచ్చి ఒర్రింది. రాయి ఎత్తిన. ఎన్కకెళ్లి పిల్ల, బిందె యాడ పడేసిందో, ఉరికొచ్చి నిలబడి, "దానికేం తెలుసు తాతా. మనుషులు పోలే గద, అది ఒర్రలే" అన్నది.

గుడ్లు పగిలిన నాటి నుంచి నన్ను తాతా అనుడు గప్పుడే. రాయి కింద పెట్టిన. గుడ్లు యాడున్నయో నాకు కనబడలే. నా కాలి పక్కకే ఉన్నయని పిల్ల చూపించింది. మెల్లగ నన్ను గుంజుకొచ్చింది.

ఇగ అసలు లొల్లి విను. మా తోట మనుషులకు దింపుడుకల్లం గా బీడే. మా నాయినను గాడనే దింపినం, అవ్వను గాడనే, మొగిలయ్యను సుత గాడనే దింపి చెవుల పేరు పెట్టి పిలిచిన. పాడె ఎత్తెటోళ్లు కంప తీసేసెటందుకు పోయిన్రు. పిల్ల పోయి కంప కాడ నిలబడ్డది. నన్నే చూస్తున్నది. తీయకున్రి అన్న. పోచయ్య అన్నడు, "ఏం మాట్లాడుతున్నవన్నా? నీ తండ్రి తాతలను దింపిన జాగ. గాడ దింపకుంటె ఆమె ఆత్మ ఎట్ల పోతది?" నేను అన్న, నలభై ఏండ్లు నేను చూపెట్టిన జాగలనే ఆమె నెత్తి మీది మోత దించింది, ఒక్కరోజు ఆమె మనుమరాలు చూపెట్టిన దిక్కు పోనీయున్రి. డప్పులోళ్లు సుత గునిసిన్రు, గంత దూరం చుట్టు ఎవడు తిరుగుతడని. తిరగకుంటె డప్పు కింద పెట్టి పోన్రి, నేనొక్కన్నే మోస్త అన్న. మోసేదే ఉంటి.

చుట్టు తిరిగినం. బీడు అంచు దాటెదాక డప్పు ఆపుమన్న. గది సుత తిట్టుకుంట ఆపిన్రు. ఉత్తగ నడిచినం, కాళ్ల సప్పుడే. పిట్ట లేవలే. పంజాగుట్ట బాట మీద మైలురాయి పక్కకు దింపిన్రు. చెవుల మూడుసార్లు పిలిచిన. వజ్రమ్మా అని. పలకలే. బతికున్ననాడు మొదటి పిలుపుకే పలికేది.

ఊరంత నన్ను పిచ్చోడన్నరు, పిట్టకు భయపడి పెండ్లాం పాడెను దారి మళ్లించిండన్నరు. అననీ. వాళ్లకు నేను అర్థం చెప్పి రాసిచ్చేది లేదు.

బడి ముచ్చట నాతోని అనకు. అది నన్ను అడిగింది, నిజంగ పోతవా అని నేనంటె పోత అన్నది. ఆ పంతులమ్మ ప్రార్థనల కూసోబెడితె కూసోబెట్టుకోనీ. అది ఆడ సుత కిటికిల పిట్టనే చూస్తది.

దినాలకు మీ పెద్ద గుమాస్తా సెలవు ఇయ్యకుంటె వాని పేరు నాకు రాయి, నేను రాస్త వానికి. తప్పకుంట రా. స్టేషన్ కాంచి చెరువు గట్టు మీదికెళ్లి రా. తొందరపడి బీడు మీదికెళ్లి వస్తె, బావవని సుత చూడ, కాళ్లు ఇరగ్గొడత.

రాజనర్సయ్య